ఆటలెక్క లేదు, డ్యూటీ లెక్క ఉంది

ప్రశ్న:

అన్నా, నమస్తే. మాది మంచిర్యాల జిల్లా. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుతున్నా. రాత్రి పది దాటాక పుస్తకాలు పక్కన పెట్టి గంట, గంటన్నర ఏదో ఒక గేమ్ ఆడటం నా అలవాటు. హారర్ అంటే ఇష్టం. ఇంతకు మించిన సర్వైవల్ హారర్ గేమ్ రాలేదని అందరూ అంటుంటే సేల్‌లో ‘ఏలియన్: ఐసోలేషన్’ కొన్నా. ఏడు గంటలు ఆడా. ఇప్పుడు ఐదో మిషన్‌లో, ఆ హాస్పిటల్‌లో ఇరుక్కున్నా. మొదట్లో నిజంగానే భయమేసింది. ఇప్పుడు వెంటపడే ఆ జంతువు కనిపిస్తే భయం రావట్లేదు, ‘అయ్యో, మళ్లీ మొదటికి పోవాలా’ అని నీరసం వస్తోంది.

మా నాన్న సింగరేణిలో బొగ్గుబాయిలో పనిచేస్తారు. మొన్న రెండో షిఫ్టు దిగి వచ్చి, అన్నం తింటూ పది నిమిషాలు నా స్క్రీన్ వైపు చూసి, ‘బిడ్డా, ఇది ఆటలెక్క లేదు, డ్యూటీ లెక్క ఉంది’ అన్నారు. అప్పుడు నవ్వాను కానీ ఆ మాట మనసులోంచి పోవట్లేదు. నా ఫ్రెండ్స్ ఏమో ‘నీకు ఓపిక లేదు, నీకు హారర్ అర్థం కాదు’ అంటున్నారు. తప్పు నాదా, ఆటదా? మధ్యలో వదిలేస్తే ఓడిపోయినట్టేనా? లైట్లు ఆర్పేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడమని మాత్రం చెప్పకండి. రోజూ అట్లనే ఆడుతున్నా.

సమాధానం:

చెల్లె,

ముందుగా నాన్నకు నా నమస్తే చెప్పు. ఆయన పది నిమిషాలు చూసి అన్న ఆ మాట కోసం నేను చాలా ఏళ్లుగా వెతుక్కుంటున్నాను. ఈ ఆటతో నాకున్న ఇబ్బంది ఏమిటని ఎవరైనా అడిగితే గంటసేపు వాదించేవాణ్ని కానీ, ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

జవాబు ముందే చెప్పేస్తా. తప్పు ఎక్కువ భాగం ఆటదే. కొంత నువ్వు ఆడే పద్ధతిలో ఉండొచ్చు, అది సరిచేసుకోగలిగేదే. ఆ హాస్పిటల్‌లో ఇరుక్కున్న చోట మాత్రం వదలకు. పదో మిషన్ దాకా వెళ్లు, అక్కడ ఆపేయి. అక్కడే ఎందుకో వివరంగా రాస్తా.

నేను దీన్ని 2015లో ఆడాను. అప్పుడు హనుమకొండ నయీంనగర్‌లో అద్దె గదిలో ఉండేవాణ్ని. చివరిదాకా ఆడటానికి 27 గంటలు పట్టింది. నువ్విప్పుడు ఉన్న ఆ శాన్ క్రిస్టొబల్ హాస్పిటల్‌లోనే నాలుగు రాత్రులు గడిచాయి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఆట మీద నా ఫిర్యాదు ఓపిక లేక, మధ్యలో వదిలేసి చేస్తున్నది కాదని నీకు తెలియాలి.

మొదట ఆ ‘అందరూ’ అన్న మాట చూద్దాం. ఈ ఆట 2014 అక్టోబర్ 7న వచ్చింది. తయారు చేసింది క్రియేటివ్ అసెంబ్లీ, విడుదల చేసింది సెగా. వచ్చిన వారంలో మెచ్చుకున్నవాళ్లు ఎంతమందో, పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. పీసీ గేమర్ పత్రిక నూటికి 93 ఇచ్చింది. ఐజీఎన్ పదికి 5.9 ఇచ్చింది. గేమ్‌స్పాట్ పదికి 6. ఒకే ఆట, ఇంత తేడా. ఏళ్లు గడిచేకొద్దీ ఆ 93 మాటే నిలబడింది. తక్కువ మార్కులు వేసినవాళ్లను ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. కానీ వాళ్లు చెప్పిన ముఖ్యమైన మాట, అంటే ఈ ఆట అవసరానికి మించి సాగుతుంది, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తుంది అన్న మాట, అప్పుడు ఎంత నిజమో ఇప్పుడూ అంతే నిజం. కాబట్టి నీకు అనిపించింది కొత్త సంగతేమీ కాదు. మొదటి వారంలోనే ఆ మాట అన్నవాళ్లున్నారు.

ఆడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. 1979లో వచ్చిన ‘ఏలియన్’ సినిమా కథ జరిగిన పదిహేనేళ్లకు ఇది మొదలవుతుంది. సినిమాలోని ఎలెన్ రిప్లీ కూతురు అమాండా ఒక ఇంజినీర్. అమ్మ ఏమైందో తెలుసుకోవడానికి సెవస్తపోల్ అనే అంతరిక్ష కేంద్రానికి వెళ్తుంది. ఆ కేంద్రం మూసివేతకు సిద్ధంగా ఉంటుంది. అక్కడ ఒక జీవి తిరుగుతూ ఉంటుంది. దాన్ని చంపడం కుదరదు. అది ముట్టుకుంటే అయిపోయినట్టే. దాక్కోవాలి, పాకాలి, మరమ్మతులు చేయాలి, ప్రాణాలతో బయటపడాలి.

ఇందులో మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, అవి చెప్పకుండా తిట్టడం న్యాయం కాదు. అన్నిటికంటే గొప్పది ఆ జీవిని నడిపే తీరు. దానికి రెండు బుర్రలున్నాయి. మీ నాన్నకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పైన గనిలో పనులు పురమాయించే ఓవర్‌మ్యాన్ లాంటిది ఒకటి ఉంటుంది. నువ్వెక్కడున్నావో దానికి ఎప్పుడూ తెలుసు. కానీ జీవికి మాత్రం నువ్వు ఫలానా చోట ఉన్నావని చెప్పదు, ‘ఆ వైపు ఓసారి చూసిరా’ అని సైగ మాత్రం ఇస్తుంది. అక్కడికి వచ్చాక వెతకడమంతా జీవి సొంత పని. దాని కళ్లు, దాని చెవులు. నీమీద ఒత్తిడి ఎంత పెరిగిందో కూడా ఆ పైనున్నదే లెక్కపెడుతూ ఉంటుంది. మరీ ఎక్కువైతే జీవిని వెనక్కి పిలిచి, పైకప్పు గొట్టాల్లోకి పంపేస్తుంది. నీకు ఊపిరి పీల్చుకునే టైమ్ ఇస్తుందన్నమాట. పైగా ఆట ముందుకు సాగేకొద్దీ జీవికి కొత్త తెలివితేటలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. అందుకే అది నేర్చుకుంటున్నట్టు అనిపిస్తుంది. 2014లో ఇది నిజంగా పెద్ద పని. ఇప్పటికీ చాలా హారర్ ఆటల్లో దయ్యాలు గీత గీసినట్టు ఒకే దారిలో తిరుగుతుంటాయి.

ఇక ఆ కేంద్రం తయారీ. పాత సినిమాలోని వస్తువుల బొమ్మలు, నమూనాలు తెచ్చుకుని, 1979లో భవిష్యత్తును ఎట్లా ఊహించారో అట్లనే కట్టారు. లావు గాజు తెరలు, పెద్ద పెద్ద మీటలు, టకటకలాడే బటన్లు. తెరల మీద గీతలు సహజంగా రావాలని ఆ దృశ్యాలను పాత వీడియో క్యాసెట్ల మీద రికార్డు చేసి మళ్లీ తీసుకున్నారు. ఒక్కో గదిలో ఆగి చూడాలనిపిస్తుంది. ఆగితే ప్రాణం పోతుంది, అది వేరే సంగతి.

మరి ఇంత బాగున్నది నీకెందుకు డ్యూటీ అయింది? ఒక పాత ముచ్చట చెప్తా.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు నర్సంపేట దగ్గర. మక్క చేను పాలకంకి మీదికి వచ్చిందంటే అడవి పందులు దిగుతాయి. కాపలా లేకపోతే ఒక్క రాత్రిలో చేను నేలమట్టం. అందుకని చేను నడుమ మంచె వేసి రాత్రంతా కూర్చుంటారు. నేను ఇంటర్ చదివేటప్పుడు దసరా సెలవులకు పోతే మా మామ నన్నూ తోడు తీసుకెళ్లాడు. చేతికి ఒక టార్చి, పక్కన ఖాళీ నూనె డబ్బా, ఒక కట్టె. మామ పడుకుంటే నేను లేచి ఉండాలి, నేను పడుకుంటే మామ. మొదటి రాత్రి నాకు నిద్రే లేదు. ఆకు కదిలితే పందే అనుకున్నా. కప్ప దూకితే పందే అనుకున్నా. టార్చి వేస్తే భయం, వేయకపోతే ఇంకా భయం. వేస్తే ఏం కనిపిస్తుందో అని. పంది రాలేదు. ఆ రాత్రంతా అది రాకుండానే నన్ను చంపింది.

రెండో రాత్రి వచ్చాయి. నాలుగు. గొంతు పోయేదాకా అరిచాను, డబ్బా వాయించాను, మామ లేచి కట్టె తీసుకుని దిగాడు. పారిపోయాయి. మూడో రాత్రీ అంతే. అదే టైమ్, అదే మూల నుంచి. ఆరో రాత్రికి నా పరిస్థితి ఎట్లా ఉందంటే, కంకులు విరిగిన చప్పుడు వినగానే ‘వచ్చినయ్, ఇక లేవాలె’ అనుకుంటూ విసుక్కుంటూ దిగి, డబ్బా వాయించి, మళ్లీ ఎక్కి పడుకున్నా. పంది మారలేదు చెల్లె. అది కుమ్మితే మనిషి బతకడం కష్టమన్న సంగతీ మారలేదు. రోజూ అదే వేళకు, అదే చోటికి వచ్చేసరికి భయం కాస్తా కాపలా అయింది. తొమ్మిదో రాత్రి అవి వాగు వైపు నుంచి, మంచె వెనక నుంచి వచ్చాయి. ఆ రాత్రి మళ్లీ మొదటి రాత్రిలాగే వణికాను.

ఐసోలేషన్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. జీవి కొత్తగానే ప్రవర్తిస్తుంది, ఒప్పుకుంటా. కానీ నువ్వు చేసే పని మాత్రం పాతదే. ఫలానా గదిలో కార్డు తేవాలి, ఫలానా చోట కరెంటు ఆన్ చేయాలి, మీట తిప్పాలి, వెనక్కి రావాలి. చచ్చిన ప్రతిసారీ ఆ పనంతా మొదటి నుంచి చేయాలి. డాక్టర్ మైకులో చెప్పిన మాటలే మళ్లీ చెప్తాడు. మొదటి సారి ఆ కారిడార్‌లో తలుపు వెనక ఏముందో నీకు తెలియదు. ఏడోసారికి ఏ డ్రాయర్‌లో ఏముందో కూడా తెలుసు. తెలియనిది ఒక్క జీవి కదలిక మాత్రమే. ఆ ఒక్క తెలియనితనం చుట్టూ ఇరవై తెలిసిన పనులు. ఎంత తెలివైన జీవిని పెట్టినా ఆ ఇరవై పనుల బరువు దాన్ని ముంచేస్తుంది. నాన్న పది నిమిషాల్లో చూసింది ఇదే. ఆయన స్క్రీన్ మీద చూసింది జీవిని కాదు, నిన్ను. నువ్వు ఏ ముఖంతో ఆడుతున్నావో చూశారు.

ఇక ఆడినంతవరకు భద్రం చేసే ఆ సేవ్ ఫోన్ల సంగతి. గోడకున్న ఫోన్‌లో కార్డు పెట్టి, మూడు లైట్లు ఒక్కొక్కటిగా వెలిగేదాకా నిలబడాలి. ఆ కాసేపు ఆట ఆగదు. వెనక నుంచి జీవి రావచ్చు. దగ్గర్లో ప్రమాదం ఉందని ఫోనే చెప్తుంది, సేవ్ చేయాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఇది ఎవరు కనిపెట్టారో కానీ వాళ్లకు దండం పెట్టాలి. మొదటి రెండు మూడు గంటల్లో ఆ బీప్ శబ్దాలు వింటే నా గుండె ఆగినంత పనయ్యేది.

ఈ ఆలోచనకు వెనక పెద్ద చరిత్రే ఉంది. ‘సర్వైవల్ హారర్’ అన్న మాటను జనంలోకి తెచ్చిన ఆట 1996లో క్యాప్‌కామ్ తీసిన ‘రెసిడెంట్ ఈవిల్’. అందులో సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ దగ్గరికి పోవాలి, చేతిలో ఇంకు రిబ్బన్ ఉండాలి. రిబ్బన్లు కొన్నే దొరుకుతాయి. సేవ్ చేయడమే ఒక ఖర్చు. మరి ఆ ఆట నాకెప్పుడూ డ్యూటీ అనిపించలేదు. ఎందుకా అని చాలాసార్లు ఆలోచించాను. అందులో నువ్వు కాల్చిపడేసిన జాంబీ మళ్లీ లేవదు. తెరిచిన తలుపు తెరుచుకునే ఉంటుంది. మొదట వణికించిన భవంతి మెల్లమెల్లగా నీ చేతికి వస్తుంది. ఏ దారిలో పోతే తక్కువ బుల్లెట్లు ఖర్చవుతాయో లెక్క వేస్తావు. భయం తగ్గేకొద్దీ దాని స్థానంలో పట్టు వస్తుంది. భయం పోయినా చేతికి ఏదో మిగులుతుంది.

ఐసోలేషన్‌లో ఆ పట్టు ఎప్పటికీ రాదు. జీవి చావదు, ఏ చోటూ నీది కాదు. అది కావాలనే అట్లా చేశారు, నాకు తెలుసు. కానీ అట్లా చేసినప్పుడు చచ్చిన మనిషిని ఎంత వెనక్కి పంపాలో జాగ్రత్తగా ఆలోచించాలి. ఒక్కోసారి ఇరవై నిమిషాల పని పోతుంది. రెండు మూడుసార్లు అట్లా పోయాక నువ్వు భయపడేది జీవికి కాదు, గడియారానికి. రోజంతా చదువుకుని గంటన్నర ఆడుకునే నీలాంటి పిల్లకు ఆ ఇరవై నిమిషాలు చాలా పెద్దవి. ‘అయ్యో, మళ్లీ మొదటికి’ అని నువ్వు రాశావు చూడు, అది ఓపిక లేని మాట కాదు. నీ టైమ్‌కు ఉన్న విలువ అది.

పొడుగు సంగతీ చెప్పాలి. ఆ పాత సినిమా నిడివి 117 నిమిషాలు. ఈ ఆట పద్దెనిమిది మిషన్లు, కథ కోసమే ఆడినా దాదాపు పద్దెనిమిది, ఇరవై గంటలు. పొడుగే తప్పని నేననను. మన ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ విన్నావో లేదో. రాత్రంతా సాగుతుంది, చలికి దుప్పట్లు కప్పుకుని మరీ కూర్చుంటారు జనం. అదెట్లా సాధ్యం? కథ చెప్పేవాళ్లకు జనం నాడి తెలుసు. ఇప్పుడే ఏడిపించి, ఆ కన్నీళ్లు ఆరకముందే పక్కనున్న వంతపాటగాడి మాటతో నవ్విస్తారు. డోలు దెబ్బ మారుతుంది, పాట మాటవుతుంది, మాట ఆటవుతుంది. ఐసోలేషన్‌లో ఆ మార్పు చాలా తక్కువ. ఒకే శ్రుతి మీద ఇరవై గంటలు. అందులోనూ సగం దాటాక తెల్లటి ముఖాల రోబోలు ఎక్కువవుతాయి. మొదటిసారి ప్రశాంతంగా మాట్లాడుతూ నీ మెడ పట్టుకున్నప్పుడు అవి జీవి కంటే భయంగా ఉంటాయి. ముప్పయ్యోసారికి అవి దారికి అడ్డంగా నిలబడ్డ బీరువాలే.

నా లెక్క ఇది. మొదటి పది మిషన్లు ఒక గొప్ప ఆట. తర్వాతి ఎనిమిదిలో అక్కడక్కడ మెరుపులున్నాయి, అంతరిక్షంలో బయటికి నడిచే చోట్లు నాకు ఇప్పటికీ కళ్లముందు కదులుతాయి. కానీ ఆ మెరుపుల మధ్య దూరం చాలా ఎక్కువ. పదో మిషన్ చివర్లో కథ ఒక పెద్ద మలుపు తిరుగుతుంది. అదేమిటో చెప్పను. ఆ చివరి నిమిషాలు చూశాక ‘ఇక్కడ ఆట అయిపోయింది’ అనుకుని ఆపేసినా నీకు ఏ లోటూ అనిపించదు. నిజానికి నేను ఆడుతున్నప్పుడు అదే చివర అనుకున్నాను. కంట్రోలర్ కింద పెట్టి ఒళ్లు విరుచుకున్నాను కూడా. తర్వాత ఇంకా ఎనిమిది మిషన్లు ఉన్నాయని తెలిసినప్పుడు నాకు కలిగింది ఆనందం కాదు. అమ్మ సంగతి మాత్రం ఆ తర్వాతి భాగంలోనే వస్తుంది. అది తెలుసుకోవాలనిపిస్తే ఎవరైనా ఆడిన వీడియో చూడు. చూడటం చిన్నతనం ఏమీ కాదు.

మరి అక్కడిదాకా ఎట్లా పోవాలి?

మొదట సెట్టింగ్స్‌లోకి పోయి డిఫికల్టీ తగ్గించు. ‘నోవిస్’ అని ఒకటుంది, ఆట వచ్చిన కొన్నాళ్లకు కలిపారు. దీన్ని ఆడాల్సింది ‘హార్డ్’ మీదే అని నీ ఫ్రెండ్స్ అంటారు, ఆ మాట నేనూ చాలా ఏళ్లు నమ్మాను. అది తప్పని ఇప్పుడు చెప్తున్నా. ఒక చోట ఒకటి రెండుసార్లకు మించి చావకుండా ముందుకు పోతేనే ఈ ఆటలో భయం బతుకుతుంది. తేలిక చేసుకుంటే భయం పోతుందనుకుంటాం. నీ విషయంలో తేలిక చేసుకుంటేనే అది తిరిగొస్తుంది.

రెండోది, నువ్వు రాయలేదు కానీ నా అనుమానం, బీరువాల్లో చాలాసేపు కూర్చుంటున్నావు. అందరం చేసే తప్పే అది. బీరువాలోంచి చూస్తూ కూర్చుంటే టైమ్ పోతుంది తప్ప దారి తెగదు. జీవి దగ్గరికి వస్తే ఊపిరి బిగబట్టాలి, ఒక్కోసారి అదీ పనిచేయదు. బల్లల కింద, మంచాల వెనక వంగి, అది అటు తిరిగినప్పుడు నువ్వు ఇటు జరుగు. బల్ల చుట్టూ దానితో పాటే తిరగడం అలవాటైతే ఆ హాస్పిటల్ నీకు సగం తేలికవుతుంది. పరుగెత్తకు. పైన గొట్టం మూత దగ్గర జొల్లు కారుతుంటే దాని కింది నుంచి పోకు, అది పైనే కాచుకుని ఉంటుంది. చేతిలో ఉండే, దగ్గర్లోని కదలికలు చూపించే ఆ యంత్రాన్ని ఊరికే పైకెత్తి పట్టుకోవద్దు. అది చేసే శబ్దం దగ్గర్లో ఉన్న జీవికి వినిపిస్తుంది. అదీకాక దాన్ని చూస్తూ నడిస్తే కళ్లు ఆ చిన్న చుక్క మీదే ఉంటాయి, గది మీద ఉండవు. చెవులతో ఆడు. దాని అడుగులు నేల మీద ఒక రకంగా, గొట్టాల్లో ఇంకో రకంగా వినిపిస్తాయి. రెండు రోజుల్లో నీకే తేడా తెలుస్తుంది.

మూడోది, దొరికిన సామాను దాచుకోకు. మనది మధ్యతరగతి బుద్ధి, ఆటలో కూడా పొదుపు చేస్తాం. నేను చివరికి ఆరు నాయిస్‌మేకర్లు (చప్పుడు చేసే పరికరాలు), నాలుగు మొలటోవ్‌లు (నిప్పు సీసాలు) వాడకుండానే ఆట ముగించాను, ఇప్పటికీ బాధే. నాయిస్‌మేకర్ విసిరితే జీవి అటు పోతుంది. తుపాకులు పట్టుకుని నీమీదికొచ్చే మనుషుల మధ్యకు అది విసిరితే ఏం జరుగుతుందో ఒక్కసారి చేసి చూడు. మొలటోవ్‌తో జీవి చావదు కానీ పారిపోతుంది. సగానికి దగ్గర పడ్డాక మంట చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్ వస్తుంది, అప్పుడు ఆట రంగే మారుతుంది. అప్పటిదాకా వంగి నడిచిన మనిషివి మొదటిసారి నిటారుగా నిలబడతావు. దాన్ని చూసి జీవి వెనక్కి తగ్గిన ఆ మొదటి క్షణం కోసమైనా నువ్వు ఈ హాస్పిటల్ దాటాలి.

నాలుగోది చిన్నది. ఒకే చోట మూడుసార్లు చస్తే ఆ రాత్రికి ఆపేయి. నాలుగోసారి ఆడేది నువ్వు కాదు, నీ కోపం. ఆ కోపంతో మర్నాడు పొద్దున చదువు కూడా సాగదు.

ఓడిపోయినట్టా అని అడిగావు. నువ్వు డబ్బులు పెట్టి కొన్నావు, ఏడు గంటలు ఇచ్చావు, నచ్చిందేమిటో నచ్చనిదేమిటో ఇంత స్పష్టంగా రాశావు. ఇందులో ఓడిపోయింది ఎక్కడో నాకు కనిపించట్లేదు. నీ ఫ్రెండ్స్‌తో గొడవ పడొద్దు. వాళ్లను ఒక్కటే అడుగు: ‘పదకొండో మిషన్ నుంచి పదిహేనో మిషన్ దాకా మీకు బాగా గుర్తున్నది ఏమిటి?’ అని. నేను ఇదే ప్రశ్న చాలామందిని అడిగాను. అందరూ కాసేపు ఆగి, మళ్లీ ఆ హాస్పిటల్ ముచ్చటే చెప్పారు. మనకు గుర్తుండేది మొదటి రాత్రులే. పొగిడేటప్పుడు వాటినే పొగుడుతాం, ఆ తర్వాత మంచె మీద కూర్చున్న రాత్రులను లెక్కలోకి తీసుకోం. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, నువ్వూ చెప్పట్లేదు. వాళ్లు జ్ఞాపకంలోంచి మాట్లాడుతున్నారు, నువ్వు ఆ కారిడార్‌లోంచి మాట్లాడుతున్నావు.

భయమే కావాలి, పని వద్దు అనుకుంటే 2010లో వచ్చిన ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’ ఆడు. అందులోనూ ఆయుధం ఉండదు, కానీ చచ్చినా నిన్ను అంత వెనక్కి తోయదు, నిడివీ దీనిలో సగమే. పట్టు చిక్కే ఆట కావాలంటే రెసిడెంట్ ఈవిల్ రెండో భాగానికి 2019లో వచ్చిన రీమేక్ ఆడు. పోలీస్ స్టేషన్ ఒక్కటి చాలు, నెల రోజులు గుర్తుంటుంది.

చివరిగా నాన్న గురించి. ఆయన్ను ఇంకోసారి పక్కన కూర్చోబెట్టుకో, జీవి లేని చోట. సెవస్తపోల్‌లో కార్మికుల గదులుంటాయి, నోటీసు బోర్డులుంటాయి, కంపెనీ పోస్టర్లుంటాయి. కంప్యూటర్లలో వాళ్లు రాసుకున్న సందేశాలుంటాయి. పాడైన సామాను మార్చట్లేదని, కేంద్రం మూసేస్తే మా గతేమిటని, మనుషులు పోయి రోబోలు మిగిలాయని. నేను ఆడినప్పుడు అవన్నీ గబగబా చదివి దాటేశాను, నా ధ్యాసంతా జీవి మీదే. మీ ఇంట్లో అట్లా కాదు. షిఫ్టులంటే ఏమిటో, మస్టర్ అంటే ఏమిటో, ఒక గని మూసేస్తారన్న మాట వినిపిస్తే కాలనీలో ఆ సాయంత్రం ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి ఆయన. ఆ సందేశాలు నువ్వు చదివి తెలుగులో చెప్పు. విని ఏమన్నారో నాకు తప్పకుండా రాయి.

నీ అన్న